చేత్తో తిప్పి చూసిన రోలరు

స్ఫాక్స్, 6 సెప్టెంబరు 1998

చెల్లి నజీహాకి,

నీ ఉత్తరం అందింది. నేను ఫోన్ చెయ్యలేదని మీ వదిన జలీలా దగ్గర అలిగావట. గారేజీలో ఆ మోత మధ్య ఫోన్ ఎత్తితే నీ మాట నాకు వినపడదు, నా మాట నీకు అర్థం కాదు. కారు కొనడం లాంటి విషయానికి ఉత్తరమే నయం.

నీకు పనికొచ్చే బండ్లు రెండు చూసి పెట్టాను. రెండూ ఒకే రకం కారు, ఒకే ఏడాదివి. వెనక సీటు మడిస్తే మనిషిని పడుకోబెట్టొచ్చు. తేడా అంతా ఇంజన్లోనే. తెల్లదానికి పెట్రోలు ఇంజను, బూడిద రంగుదానికి డీజిలు.

నన్నడిగితే తెల్లది తీసుకో. దాని ఇంజన్లో పై భాగాన్నీ కింది భాగాన్నీ కలిపి తిప్పేది గొలుసు. డీజిలుదాన్లో రబ్బరు బెల్టు. గొలుసు ముసలి అత్తగారి లాంటిది, తెగే ముందు ఏడాదిపాటు సణుగుతుంది. బెల్టు మన నాన్నలాంటిది. నొప్పి అని ఒక్కనాడూ అనడు, ఒకరోజు పొద్దున్న కాఫీ అడిగి, కప్పు అందుకోకుండానే పోతాడు. బెల్టు తెగిందా, పిస్టన్లు వెళ్లి వాల్వుల్ని గుద్దుతాయి. ఇంజను అక్కడికక్కడే ఆఖరు. ఆ కొండల్లో ఒంటరిగా తిరిగేదానివి, సణిగే ఇంజనే నీకు మంచిది.

ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నవాడి మాట. ఆపైన నీ ఇష్టం. నా మాట ఎప్పుడు విన్నావు గనక.

మీ అన్న,
మొంజీ

*

గస్ర్ మర్జూగ్, 19 సెప్టెంబరు 1998

అన్నయ్యా,

నీ ముసలి అత్తగారు నాకొద్దు. బూడిద రంగుదే కావాలి.

కారణాలు విను. పెట్రోలు బంకు నాకు ముప్పై నాలుగు కిలోమీటర్ల దూరం. డీజిలు అయితే బావి దగ్గర మోటారు ఉన్న ప్రతివాడి ఇంట్లోనూ పీపా ఉంటుంది. కాన్పు చేసి వస్తుంటే బకెట్టుతో పోసి పంపుతారు. రెండోది, ఇక్కడ ఒక్క మనిషిని బండెక్కిస్తే తల్లి, అత్త, పిన్ని, దుప్పట్లు, ఒక కోడి కూడా ఎక్కుతాయి. అంత బరువుతో ఆ ఎత్తు మలుపులు ఎక్కాలంటే డీజిలే లాగుతుందని నువ్వే ఒకప్పుడు చెప్పావు.

పోయిన జనవరిలో ఒకమ్మాయిని ఆలివ్ బస్తాల లారీలో, టార్పాలిన్ కింద, నా ఒళ్లో తల పెట్టుకుని తతావీన్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. పదిహేడేళ్లుగా ఇక్కడ మంత్రసాని పని చేస్తున్నాను. ఇంకో చలికాలం అలా గడపలేను.

బెల్టు గురించి భయం నాకెందుకు? నువ్వున్నావుగా. కొత్తది వేసి ఇవ్వు. అక్టోబరు పదిహేను, గురువారం వస్తాను. వానలు మొదలైతే వాగు దాటలేను. "సామాను రాలేదు, ఇంకో రెండు వారాలు ఆగు" అని మాత్రం అనకు. నీ గారేజీకి వచ్చేవాళ్లందరికీ నువ్వు చెప్పే మాట అదేనని వదిన ఎప్పుడో చెప్పేసింది.

నీ చెల్లి,
నజీహా

*

స్ఫాక్స్, 20 అక్టోబరు 1998

నజీహా,

క్షేమంగా చేరావని పోస్టాఫీసు నుంచి ఫోన్ చేసి చెప్పావట. మీ వదిన రెండు రోజులు నిద్రపోలేదు. నువ్వు వెళ్లిన తీరు చూస్తే, నడిరోడ్డు మీద గాడిదని అదిలించినట్టు నడిపావు.

చెప్పినవి మళ్లీ రాస్తున్నాను. పొద్దున్నే స్టార్టు చేసి వెంటనే తొక్కకు. నూనె పదిరోజులకోసారి చూసుకో. బెల్టు మూత మీద కాగితం అంటించాను, తొంభై ఆరు వేల కిలోమీటర్లు, అక్టోబరు 98 అని. పుస్తకంలో లక్షా ఇరవై వేలు నడుస్తుందని ఉంటుంది. మన దుమ్ముకి ఎనభై వేలు లెక్కేసుకో. అంటే లక్షా డెబ్బై దాటేదాకా దాని సంగతే మర్చిపో. బెల్టు, దాన్ని బిగించి పట్టే రోలరు, నీళ్ల పంపు, అన్నీ కొత్తవే వేశాను.

గురువారం అన్నావు, గురువారానికే ఇచ్చాను. ఆ ముక్క కూడా మీ వదినకి రాయి.

మొంజీ

*

గస్ర్ మర్జూగ్, 24 ఫిబ్రవరి 1999

అన్నయ్యా,

నాలుగు నెలల్లో పదకొండు మందిని ఆసుపత్రిలో దించాను. పదకొండు మందీ పిల్లలతో తిరిగొచ్చారు. ఊళ్లో నన్నిప్పుడు నజీహా అనడం లేదు, 'బూడిద బండి' అంటున్నారు. "బూడిద బండి ఇంట్లో ఉందా?" అని తలుపు కొడతారు. ఒకామె మగపిల్లాడు పుట్టాడని బండి ముందు భాగానికి గోరింటాకు రాసింది. కడిగినా పోవడం లేదు.

ఈ వేసవికి ముందు ఇంకో నలుగురున్నారు. వాళ్లలో మహ్బూబా అనే పంతొమ్మిదేళ్ల పిల్ల, తొలిచూలు. వాళ్ల నాన్న సాసీ మా వీధి చివర మేకలు పెంచుకునే మనిషి, భార్య పోయింది, ఒక్కతే కూతురు. ఆ పిల్ల మొగుడు, ఇక్కడి మగవాళ్లందరిలాగే, దూరాన సూస్ పట్నంలో పిండిగారెల దుకాణంలో పనిచేస్తాడు. మహ్బూబా రోజూ సాయంత్రం నా దగ్గరికొచ్చి కూర్చుని, కడుపులో బిడ్డ తన్నినప్పుడల్లా నా చెయ్యి తీసి అక్కడ పెట్టుకుంటుంది.

ఒక చిన్న సంగతి అడగాలి. పది రోజుల నుంచి పొద్దున్న చలిలో స్టార్టు చేస్తే ముందు వైపు నుంచి సన్నగా ఏడుపు లాంటి చప్పుడు వస్తోంది, ఆకలేసిన పిల్లికూనలాగా. బండి వేడెక్కాక పోతుంది. మామూలేనా?

నజీహా

*

స్ఫాక్స్, 3 మార్చి 1999

నజీహా,

ఇక్కడందరం బాగున్నాం. ఈసారి ఆలివ్ కాపు బాగా వచ్చింది. మీ వదిన నీకోసం రెండు సీసాల నూనె తీసిపెట్టింది. మునుపటికంటే ఘాటుగా ఉంది నూనె. మా వీధిలో మురుగు కాలవ తవ్వుతున్నారు, గారేజీ ముందు నడవడానికి లేదు.

ఆ చప్పుడు బహుశా బ్యాటరీ ఛార్జింగు బెల్టుది అయ్యుంటుంది. చలికి బిగుసుకుంటుంది. కంగారేం లేదు.

నెలాఖరున బక్రీదు పండక్కి వస్తావుగా. బండి తీసుకునే రా, ఒకసారి మూత విప్పి చూస్తాను. ఎలాగైనా రా. అప్పటిదాకా అవసరమైతేనే తియ్యి.

మొంజీ

*

గస్ర్ మర్జూగ్, 12 మార్చి 1999

అన్నయ్యా,

పండక్కి రాలేను, ఏమనుకోకు. నాతో పనిచేసే ఆవిడ సెలవు పెట్టింది. క్లినిక్కులో నేనొక్కదాన్నే.

"అవసరమైతేనే తియ్యి" అని రాశావు. నా తలుపు కొట్టేవాళ్లలో అవసరం లేనివాళ్లెవరో చెప్పు, వాళ్లని ఎక్కించుకోను. చప్పుడు కూడా కొంచెం తగ్గినట్టుంది. లేకపోతే నా చెవులకే అలవాటైందేమో. వేసవిలో వస్తాను. వదినకి చెప్పు, ఆ నూనె నాకే ఉంచమని.

నజీహా

*

గస్ర్ మర్జూగ్, 20 ఏప్రిల్ 1999

మొంజీ అన్నయ్యకి,

ఈ నెల పద్నాలుగున, మధ్యాహ్నం పన్నెండు దాటాక, కొండ మీది రెండో మలుపు దగ్గర బండి ఆగిపోయింది. మళ్లీ స్టార్టు కాలేదు. లారీకి కట్టి తతావీన్ తీసుకెళ్లారు. హమ్దా అని అక్కడి మెకానిక్ మూత విప్పాడు. లోపలి బెల్టు తెగిపోయి ఉంది. లక్షా నాలుగు వేల కిలోమీటర్లు తిరిగింది.

కొత్త బెల్టు ఎనిమిది వేలకే ఎందుకు తెగుతుందో రాయి.

మిగతా సంగతులు తర్వాత రాస్తాను.

నజీహా

*

స్ఫాక్స్, 27 ఏప్రిల్ 1999

నజీహా,

నీ ఉత్తరం చూసి చాలా బాధపడ్డాం. బెల్టు ఎందుకు తెగుతుందంటే, ఫలానాది అని చెప్పలేం. నూనె కారి బెల్టు మీద పడితే రబ్బరు మెత్తబడి పళ్లు రాలిపోతాయి. మూత సందులోంచి గులకరాయి దూరినా తెగుతుంది. మీ దారుల్లో రాళ్లకేం తక్కువ. ఒక్కోసారి కొత్త బెల్టే చెడ్డది వస్తుంది, పైకి ఏమీ కనపడదు. నీళ్ల పంపు బిగుసుకున్నా అంతే. ఏదని చెప్పను? చూడకుండా చెప్పడం వైద్యుడికైనా కష్టమే. ఆ హమ్దా ఎవరో, ఎలా విప్పాడో.

బండి పోతే పోయింది. నువ్వు క్షేమంగా ఉన్నావు, అది చాలు. సిలిండరు హెడ్డు నేను చూస్తాను, వాల్వులు కొత్తవి తెప్పిస్తాను. దాని గురించి నువ్వేం ఆలోచించకు.

మొంజీ

*

గస్ర్ మర్జూగ్, 4 మే 1999

అన్నయ్యా,

నేను క్షేమంగా ఉన్నాను. బండిలో నేనొక్కదాన్నే లేను.

మహ్బూబా గురించి రాశాను, గుర్తుందో లేదో. ఆరోజు పొద్దున్న నొప్పులు మొదలయ్యాయి. పదకొండున్నరకి రక్తం కనపడింది, నేను అనుకున్నదానికంటే ఎక్కువ. సాసీ, నేను కలిసి వెనక పడుకోబెట్టాం. సాసీ ముందు సీట్లో కూర్చున్నాడు. రెండో మలుపు ఎక్కుతుంటే చిన్న శబ్దం, కర్ర విరిగినట్టు. అంతే, చేతిలో స్టీరింగు బరువెక్కింది. నేను తాళంచెవి తిప్పుతూనే ఉన్నాను. లోపల్నుంచి ఇనుము గీసుకున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. సాసీ కిందకి దిగి లారీ కోసం రోడ్డు వెంట పరుగెత్తాడు. అరవై ఏళ్ల మనిషి.

బిడ్డ బండిలోనే పుట్టింది. ఆడపిల్ల. ఏడ్చింది, బాగానే ఉంది. తల్లికి రక్తం ఆగలేదు. నాకు తెలిసినవన్నీ చేశాను. పిడికిలితో నొక్కిపట్టి కూర్చున్నాను. "నజీహా ఖాలా, చలేస్తోంది" అంది. ఏప్రిల్ మధ్యాహ్నం, ఎండ మండిపోతోంది. నా పైబట్ట తీసి కప్పాను. లారీ వచ్చేసరికి గంటా నలభై నిమిషాలయింది. ఆసుపత్రి అక్కణ్ణుంచి ఇరవై ఐదు నిమిషాల దారి.

ఊరంతా మక్తూబ్ అంటున్నారు, దేవుడు రాసిపెట్టిందని. బిడ్డని బతికించానని నా చెయ్యి ముద్దు పెట్టుకుంటున్నారు. సాసీ కూడా పెట్టుకున్నాడు.

హమ్దా నాకొక చిన్న చక్రం చూపించాడు. బెల్టుని బిగించి పట్టే రోలరట. బిగుసుకుపోయింది, మాడి నీలంగా ఉంది. బెల్టు దాని మీద రాసుకుని తెగిందన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు. "బెల్టు కొత్తది అక్కా, రోలరు మాత్రం బండి పుట్టినప్పటిది" అన్నాడు.

రోలరు మార్చావా, లేదా? గులకరాళ్ల గురించి రాయొద్దు. అవును, కాదు, ఒక్క మాట రాయి.

నజీహా

*

స్ఫాక్స్, 11 మే 1999

నజీహా,

కాదు. మార్చలేదు.

ఒక్క మాట చాలన్నావు. మిగతాది చదవాలో వద్దో నీ ఇష్టం.

ఆ కారుకి డీజిలు ఇంజన్లే రెండు రకాలున్నాయి. పైకి చూస్తే కవలపిల్లలు, లోపల రోలర్లు వేరు. ట్యూనిస్ నుంచి వచ్చిన పెట్టెలో బెల్టు సరైనదే, రోలరు మాత్రం రెండో రకం ఇంజనుది. మంగళవారం సాయంత్రం పెట్టె విప్పాను. తిప్పి పంపితే మూడు వారాలు పడుతుంది. నువ్వు గురువారం వస్తున్నావు. పాత రోలరు చేతిలోకి తీసుకుని వేలితో తిప్పి చూశాను. చప్పుడు లేదు, నున్నగా తిరిగింది. ఇంకో ఏడాది నడుస్తుందిలే అనుకున్నాను. తర్వాత ఎప్పుడో నువ్వు వచ్చినప్పుడు మారుద్దామనుకున్నాను. చేతిలో తిరగడం వేరు, ఇంజను బిగువులో నిమిషానికి వేలసార్లు తిరగడం వేరు. ఇది నేను కొత్తగా పనిలో చేరినవాళ్లకి చెప్పే మొదటి పాఠం.

నువ్వు వచ్చిన రోజున చెప్పొచ్చు. నువ్వు నవ్వుతూ "గురువారానికే ఇచ్చావే" అన్నావు. ఆ మాట నాకు ఎంత బాగుందో. అన్నీ కొత్తవే అని చెప్పేశాను. తర్వాత ఉత్తరంలో కూడా రాశాను.

పిల్లికూన ఏడుపు అని నువ్వు రాసిన రోజున నాకు అదేమిటో తెలుసు. ఉత్తరం సగం చదివేసరికే తెలిసింది. "బండి కదపకు, లారీ మీద పంపు" అని రాయాలి. రాయాలంటే ముందు అబద్ధం చెప్పానని రాయాలి. మూడుసార్లు రాసి చించేశాను. నాలుగోసారి ఆలివ్ నూనె గురించి రాశాను.

పండక్కి రాలేనని నువ్వు రాశాక, బస్సెక్కి నేనే వచ్చి ఉండాల్సింది. ఎనిమిది గంటల దారి. రోజూ అనుకున్నాను. గారేజీలో పనుందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ అమ్మాయికి చలేసిందని రాశావు. అది చదివి గారేజీ మూసేశాను. నన్నేం చెయ్యమంటే అది చేస్తాను.

మొంజీ

*

గస్ర్ మర్జూగ్, 25 మే 1999

మొంజీ అన్నయ్యకి,

నీ ఉత్తరం మొత్తం చదివాను. రెండు వారాలు ఏమీ రాయలేకపోయాను.

నువ్వు వద్దన్న ఇంజను ఎంచుకున్నది నేను. గురువారం, గురువారం అని గోలపెట్టింది నేను. చప్పుడు వినీ వినీ చెవికి అలవాటు చేసుకున్నది నేను. ఇవన్నీ నాకు తెలుసు. నావి నేను మోస్తాను. అవి నీకు ఊరట కాకూడదని రాస్తున్నాను.

రాళ్లు, నూనె, చెడ్డ బెల్టు అంటూ నువ్వు రాసిన ఉత్తరం మాత్రం నాకు మింగుడుపడడం లేదు. రోలరు విషయంలో తొందరపడ్డావు, ఎవరైనా పడతారు. ఆ ఉత్తరం మాత్రం కూర్చుని, ఆలోచించి రాశావు.

ఏం చెయ్యమంటావని అడిగావు. సామాన్లు తీసుకుని రా. బండి బాగుచెయ్యి, ఊరికి వేరే బండి లేదు. సాసీకి నువ్వే చెప్పు. నేను చెప్పను. ఆయన నా చేతిని ముద్దు పెట్టుకున్నాడు, నాకు నోరు రావడం లేదు.

నువ్వు ఆయన ఇంటికి వెళ్లినప్పుడు నేను రాను.

నజీహా

*

స్ఫాక్స్, 9 జులై 1999

నజీహా,

పదకొండు రోజులు మీ ఇంట్లో ఉన్నాను. పళ్లెంలో అన్నీ పెట్టావు, పక్క వేశావు. ఇంజను మాటలు తప్ప మరేం మాట్లాడలేదు.  సాసీ ఇంట్లో ఏం జరిగిందో నువ్వు అడగలేదు. అడగకపోయినా నీకు తెలియాలి.

వెళ్లేసరికి బిడ్డని తొడ మీద పడుకోబెట్టుకుని సీసాతో పాలు పడుతున్నాడు. నువ్వు నా చెల్లెలివని తెలిసి లేచి నిలబడబోయాడు. కూర్చోమని టీ పోశాడు. నేను తాగకముందే చెప్పేశాను. రోలరు, అబద్ధం, నీ ఉత్తరం, నా జవాబు, అన్నీ. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. బిడ్డ పాలు తాగడం అయిపోయింది, భుజం మీద వేసుకుని తట్టాడు.

"దేవుణ్ణి ఎందుకని అడగకూడదు. ఇన్నాళ్లూ అడగలేదు," అన్నాడు. "నిన్ను అడగొచ్చు. ఎందుకు?"

"మాటిచ్చిన రోజుకి ఇవ్వలేకపోతే సిగ్గని."

"అంతేనా?"

"అంతే."

బిడ్డ మూతి తుడిచాడు. "ఇంకేదైనా పెద్ద కారణం ఉంటే బాగుండేది," అన్నాడు.

నేను ఇంకేదో అనబోయాను. చెయ్యెత్తి ఆపాడు. "చెప్పడానికి వచ్చావు, చెప్పావు. నీ బరువు దిగింది. ఇప్పుడది నా ఇంట్లో ఉంది. బండి బాగయ్యేదాకా ఉండు, ఊళ్లో ఆడవాళ్లకి అది కావాలి. బాగయ్యాక వెళ్లేటప్పుడు మా గుమ్మం ముందు నుంచి వెళ్లకు."

అందుకే చుట్టుదారిన పోయాను. నువ్వు ఎందుకని అడిగావు, దారి బాగుందన్నాను. అదీ అబద్ధమే. ఇదే ఆఖరుది.

చెప్పడం తప్పు కాదు. కానీ చెప్పాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టింది. అది తలుచుకుంటే సిగ్గేస్తోంది.

బెల్టు పనులు వస్తే పక్క గారేజీకి పంపుతున్నాను. మీ వదిన ఎందుకని అడగడం లేదు. నీ బండిలో బెల్టు, రోలరు, పంపు అన్నీ కొత్తవి. నా మాట నమ్మొద్దు. హమ్దాని పిలిచి మూత విప్పించి చూపించుకో.

మొంజీ

*

గస్ర్ మర్జూగ్, 17 అక్టోబరు 1999

అన్నయ్యా,

హమ్దా వచ్చి చూశాడు. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. "ఎవరో గానీ పని తెలిసిన మనిషి" అన్నాడు. ఎవరని నేను చెప్పలేదు.

జులై నుంచి ఆరుగురిని దించాను. నిజం చెప్పాలంటే ప్రతి మలుపులోనూ చెవులు ముందుకి పెట్టుకునే నడుపుతున్నాను. ఎక్కినవాళ్లు మాట్లాడుతుంటే మాట్లాడొద్దని కసురుతున్నాను. నేను కఠినంగా మారానని ఊళ్లో అనుకుంటున్నారు.

సాసీ నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పలేదు. నాలుగు నెలలు నాతోనూ మాట్లాడలేదు. ఎదురైతే సలాం చెప్పి తల తిప్పుకునేవాడు. బిడ్డకి రీమ్ అని పేరు పెట్టాడు. తండ్రి సూస్ దుకాణంలోనే ఉన్నాడు, పెంచేది ఈ తాతే. ఆర్నెల్లకి వేసే సూది మందు మా క్లినిక్కులో నిండుకుంది, తతావీన్ తీసుకెళ్లాలి. మంగళవారం పొద్దున్న తొమ్మిదింటికి బిడ్డనెత్తుకుని నా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. "బస్సులో దుమ్ము. నీ బండిలో తీసుకెళ్తావా?" అన్నాడు.

ముందు తలుపు తీశాను. ఆయన వెనక తలుపు తీసుకుని వెనక కూర్చున్నాడు. మహ్బూబా పడుకున్న వైపే.

రెండో మలుపు దగ్గర "ఆపు" అన్నాడు. పక్కకి తీసి ఆపాను. ఇంజను మాత్రం ఆపలేదు. చెయ్యి తాళంచెవి దాకా వెళ్లింది, తిప్పలేకపోయాను. మళ్లీ స్టార్టు కాకపోతే అని.

ఆయనకి అర్థమైంది. "అది కూడా ఆపు నజీహా," అన్నాడు.

ఆపాను. ఒక్కసారిగా అంత నిశ్శబ్దం. గాలి, బిడ్డ ఊపిరి. ఆయన ఏడవలేదు, ప్రార్థన కూడా చెయ్యలేదు. బిడ్డని కిటికీ దగ్గరికి ఎత్తి రోడ్డు చూపించాడు.  తర్వాత "మీ అన్న మీద కోపం పోలేదు," అన్నాడు. "పోతుందని ఎదురుచూశాను. పోవడం లేదు. అది నీతో అనకుండా నీ బండెక్కడం బాగుండదని అంటున్నాను."

"నాకూ పోలేదు," అన్నాను.

"తోడబుట్టినవాడు."

"అవును."

ఈ ఉత్తరం నిన్ను బాధపెట్టడానికి రాయడం లేదు. వచ్చే పండక్కి రావొద్దు. దాని తర్వాత పండక్కి నేనే పిలుస్తానేమో, ఇప్పుడే చెప్పలేను. వదినకి మాత్రం రాస్తూ ఉంటాను.

అలా కూర్చున్నాక సాసీ బిడ్డని మళ్లీ ఒళ్లోకి తీసుకుని, "ఇంక తిప్పు," అన్నాడు. కళ్లు మూసుకుని తిప్పాను. ఇంజను ఒక్కసారికే అందుకుంది. గేరు వెయ్యకుండా దాని చప్పుడే వింటూ కూర్చున్నాను. ఆయన తొందరపెట్టలేదు.

నజీహా